నలభై మూడు కవర్లు

పిల్లల వార్డులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. తూకం వేసే నర్సు దగ్గర్నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆమె కవర్లక్క. మూడేళ్ళ క్రితం వార్డులో పరిశోధన మొదలైనప్పుడు కవర్లున్న స్టీలు సొరుగు తాళంచెవి ఆమె చేతికిచ్చారు. ఆ పూటే ఆ పేరు అతుక్కుపోయింది. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎంతమంది పసివాళ్ళకు ఊపిరి పోసిందో ఎవరికీ గుర్తులేదు. కవర్లు మాత్రం అందరికీ గుర్తే. పోనీలెమ్మని ఆమె కూడా పలికేసేది.

పరిశోధన సంగతి చెప్పడం తేలిక. నెలలు నిండకుండా, చారెడంత ఒళ్ళేసుకుని పుట్టిన బిడ్డను ఏం చేయాలి? ఇన్నాళ్ళూ చేసింది ఒకటే. ముందు ఇంక్యుబేటర్‌లో పెట్టి, ఊపిరి కుదుటపడ్డాక తల్లికివ్వడం. వార్డులో దాన్ని పెట్టె అంటారు. అలా కాకుండా, పుట్టిన మొదటి గంటల్లోనే తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా కట్టి పడుకోబెట్టి, కావలసిన గొట్టాలూ తీగలూ అక్కడే తగిలిస్తే? ఎక్కువమంది బతుకుతారా, తక్కువమందా? ఆ వార్డులో ఎవరికీ గట్టిగా తెలీదు. తెలీదు కాబట్టే పరిశోధన పెట్టారు.

ఏ బిడ్డ తల్లి దగ్గరికి, ఏ బిడ్డ పెట్టెలోకి అన్నది డాక్టరు తేల్చకూడదు, నర్సు తేల్చకూడదు, తల్లి కోరుకోకూడదు. చీటీ తేల్చాలి. తల్లి సంతకం పెట్టగానే సొరుగులోంచి వరుసలో తర్వాతి నంబరు కవరు తీసి, దాని మీద బిడ్డ నంబరూ టైమూ రాసి, చింపి చూడాలి. లోపల 'తల్లి' అని ఉంటే తల్లి, 'పెట్టె' అని ఉంటే పెట్టె. అంతకు మించి ఏమీ లేదు. ఇంత తేలికైన పనిని చెడగొట్టాలంటే మనిషికి కాస్త తెలివుండాలి, బోలెడు జాలి ఉండాలి. కవర్లక్కకు రెండూ ఉన్నాయి.

ఆ రోజు పొద్దున తొమ్మిది దాటింది. ఆమె మూడో మంచం దగ్గర వంగి, తల్లి ఛాతీ మీద గుడ్డతో కట్టి ఉన్న బిడ్డ పాదాలు పట్టుకుని చూస్తోంది. ముందురోజు మధ్యాహ్నం పుట్టిన ఆడపిల్ల, పదమూడు వందల గ్రాములు. పాదాలు వెచ్చగానే ఉన్నాయి. తను కదిలితే బిడ్డ జారిపోతుందేమోనని తల్లి ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"గట్టిగానే ఊపిరి తీసుకోమ్మా. నువ్వే మానేస్తే దానికి నేర్పేదెవరు?" అంది కవర్లక్క. పక్క మంచం ఆవిడ ఫక్కున నవ్వింది. తల్లి కూడా నవ్వబోయి, బిడ్డ కదిలేసరికి మళ్ళీ బిగుసుకుపోయింది.

తల తిప్పి చూస్తే వార్డు తలుపు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. రెండో అంతస్తులో కంప్యూటర్ల గదిలో కూర్చుని ఈ పరిశోధన లెక్కలన్నీ చూసేది అతనే. ఇంట్లో అతని పేరు దశాంశం. ఆ పేరు పెట్టింది ఆమే. తను కొత్త కోడలిగా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. ఆకలిగా ఉందా అనడిగితే "సున్నా పాయింట్ ఎనిమిది" అనేవాడు. అత్తగారు మంచాన పడ్డాక అతనికి తల దువ్వింది, బడి కాగితాల మీద సంతకాలు పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆమే. ఇప్పుడతనికి జుట్టు పలచబడుతోంది గానీ ఆమె కంటికి ఆ తొమ్మిదేళ్ళు పూర్తిగా పోలేదు.

వార్డుకు అతనెప్పుడూ రాడు. పసిపిల్లల ఏడుపు వినలేడు.

"వదినా, ఒకసారి పైకి రా" అన్నాడు. మొహంలో రక్తం లేదు.

కంప్యూటర్ల గదిలో అతను తలుపు వేసి గడియ పెట్టాడు. బల్ల మీద అచ్చేసిన కాగితాల కట్టలు మూడు, క్లిప్పులు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. పదకొండింటికి భద్రతా కమిటీ కూర్చుంటుంది. ఆర్నెల్లకోసారి బయటి నుంచి ముగ్గురు పెద్దలొచ్చి, పరిశోధన వల్ల పిల్లలకు కీడేమన్నా జరుగుతోందా అని అంకెలు చూసి పోతారు. ఆ అంకెలు కమిటీకి, లెక్కలు చూసే మరిదికి తప్ప ఆసుపత్రిలో ఇంకెవరికీ తెలియకూడదు. పరిశోధన నడిపే డాక్టరమ్మకు కూడా తెలియకూడదు.

"కూర్చో వదినా."

"నువ్వు కూర్చోమన్నావంటే కాళ్ళు విరిగే మాటేదో ఉంది. నిలబడే వింటాను, చెప్పు."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాడు. ఇప్పుడు కాగితం ఒకటి ఆమె ముందుకు తోశాడు. "నేనిది నీకు చూపించకూడదు. ఉద్యోగం పోతుంది. అయినా చూడు. తల్లి జట్టులో రెండు వందల పన్నెండు మంది పిల్లలు. ముప్పై ఒక్కమంది పోయారు. పెట్టె జట్టులో రెండు వందల తొమ్మిది. పోయింది పదిహేడు మంది."

ఆమె కాగితం వైపు చూసింది. అంకెలు కనిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు. "తిరగేసి చెప్తున్నావేమో. తల్లి జట్టులో పదిహేడు."

"తిరగెయ్యలేదు. ఇవాళ కమిటీ పరిశోధన ఆపించేస్తుంది. ఆపడమే కాదు, పుట్టగానే తల్లి దగ్గర పెట్టడం ప్రమాదం అని రాస్తుంది. ఈ కాగితం చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ వెళ్తుంది."

కవర్లక్క కూర్చుంది.

"ఇంకోటుంది" అన్నాడతను. గొంతు తగ్గింది. "చీటీలు సరిగ్గా వేస్తే రెండు జట్ల సగటు బరువులూ పక్కపక్కనే ఉండాలి వదినా. తల్లి జట్టు పిల్లలు తొంభై ఆరు గ్రాములు తక్కువ ఉన్నారు. కాకతాళీయంగా అంత తేడా రావాలంటే రెండు వేలసార్లకు ఒకసారి వస్తుంది. ఎందుకొచ్చిందా అని నిన్నంతా తవ్వాను. పిల్లలు పుట్టిన టైమూ, కవరు తెరిచిన టైమూ పక్కపక్కన పెట్టి చూశాను. నలభై మూడు సార్లు, తర్వాత పుట్టిన బిడ్డకు ముందు కవరు తెరిచారు. నలభై మూడు సార్లూ ఆ ఇద్దరిలో నీరసంగా ఉన్న బిడ్డే తల్లి దగ్గరికి వెళ్ళింది. నలభై మూడు కవర్ల మీదా ఉన్నది నీ రాత."

బయట వరండాలో ఎవరో చక్రాల బండి తోసుకుపోతున్నారు. 

"చింపకుండా లోపలిది ఎలా చూశావు?" అన్నాడు మరిది.

"ఎక్స్‌రే ఫిల్ములు పెట్టి చూసే లైటు పెట్టె మీద."

అది ఆమె వెతికి కనిపెట్టింది కాదు. మొదటి ఏడాది కవర్లు దళసరిగా ఉండేవి, లోపల నల్ల కాగితం ఉండేది. అవి అయిపోయి రెండో విడత వచ్చాక, ఒక పొద్దున చేతిలో బిడ్డ ఉండి, కవరు పెట్టడానికి చోటులేక వెలుగుతున్న లైటు పెట్టె మీద పెట్టింది. అక్షరాలు పైకి తేలాయి. 'పెట్టె'. చేతిలో ఉన్నదేమో పదకొండు వందల గ్రాముల పిల్లాడు, పీల్చే ప్రతి ఊపిరికీ పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఆ నెలలోనే ఇలాంటి పిల్లలు నలుగురు తల్లి గుండెల మీద తేరుకోవడం ఆమె కళ్ళారా చూసింది. పక్క గదిలో ఇంకొకావిడ కాన్పు అవుతోంది, బిడ్డ కాస్త గట్టిదని అప్పుడే తెలుస్తోంది. పావుగంట ఆగితే ఆ పెట్టె చీటీ ఆ గట్టి బిడ్డకు పోతుంది. ఆగింది. ఈ పిల్లాడికి తర్వాతి కవరు వచ్చింది. 'తల్లి'. పిల్లాడు బతికాడు. రెండు నెలల తర్వాత బుగ్గలేసుకుని చూపించడానికొచ్చాడు.

చీటీకి కళ్ళు లేవు, నాకున్నాయి అనుకుంది ఆ రోజు. ఆ తర్వాత ఇంకేమీ అనుకోలేదు. చేసుకుంటూ పోయింది. ప్రతిసారీ కాదు, ఇద్దరు పిల్లలు దగ్గరదగ్గరగా పుట్టినప్పుడు మాత్రమే. తప్పు చేస్తున్నానన్న బాధ కూడా లేదు. నిజం చెప్పాలంటే ఒకింత గర్వమే ఉండేది, ఎవరికీ చెప్పుకోలేని గర్వం.

"రెండో విడత కవర్లు తెప్పించింది నేను" అన్నాడు మరిది. "నల్ల కాగితం ఉన్నవి దొరకలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను."

"నీ తప్పేం లేదు."

"ఉంది వదినా. అది తర్వాత చూద్దాం." అతను కట్టలోంచి ఒక కాగితం లాగి విడిగా పెట్టాడు. టైముల పట్టిక. "కమిటీ నన్ను బరువులడిగింది, చావులడిగింది. ఇది అడగలేదు. ఇది పెట్టకపోతే ఎవరికీ తెలీదు. బరువు తేడా ఎందుకొచ్చిందని అడిగితే కాకతాళీయం అంటాను. రెండు వేలసార్లకు ఒకసారి అయినా జరగదని ఎవరూ అనలేరు. చించెయ్యమంటే ఇప్పుడే చించేస్తాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. లెక్క తప్పితే నిద్రపోని మనిషి. చిన్నప్పుడు పరీక్షలో మార్కు ఒకటి ఎక్కువేశారని మళ్ళీ బడికెళ్ళి తగ్గించుకొచ్చినవాడు. ఇప్పుడు ఆమె కోసం కాగితం చించడానికి సిద్ధంగా ఉన్నాడు.

"పదకొండుకి ఇంకా ఎంతుంది?"

"గంటా ఇరవై నిమిషాలు."

"అంతవరకూ చించకు" అని లేచింది.

కిందికి దిగుతుంటే మెట్ల మీద డాక్టరమ్మ ఎదురైంది. నలభై ఏళ్ళ మనిషి, ఈ పరిశోధన ఆమె నాలుగేళ్ళ కష్టం. అనుమతుల కోసం ఎన్ని గుమ్మాలెక్కిందో కవర్లక్కకు తెలుసు. జేబులో పెన్ను ఉండగానే పెన్ను కోసం వెతుక్కుంటోంది.

"అక్కా, పెద్దలు ముగ్గురూ వచ్చేశారు. మనకేం భయం లేదు కదా?"

"పెన్ను జేబులోనే ఉంది డాక్టరమ్మా."

డాక్టరమ్మ పెన్ను తీసుకుని నవ్వింది. "వాళ్ళు ఆపమంటే మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు అక్కా. మూడో మంచం బిడ్డను కూడా వెంటనే పెట్టెలోకి మార్చాలి. సిద్ధంగా ఉండండి. అలా జరగదులే, మాటవరసకి చెప్తున్నా."

వార్డులోకి వెళ్ళేసరికి మూడో మంచం తల్లి కళ్ళు మూసుకుని ఉంది. ఇప్పుడు మామూలుగానే ఊపిరి తీస్తోంది. ఆమె ఛాతీ లేచినప్పుడల్లా బిడ్డ తల కూడా లేస్తోంది. కవర్లక్క మానిటర్ చూసింది, చార్టులో అంకెలు రాసింది, మళ్ళీ చూస్తే ఒకే అంకె రెండుసార్లు రాసి ఉంది. కొట్టేసి పక్కన సంతకం పెట్టింది.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. ఇంకో నాలుగేళ్ళలో గౌరవంగా రిటైరవుతుంది. మరిదికి మచ్చ రాదు. కానీ ఇంకో గంటలో తల్లి దగ్గర పెట్టడం ప్రమాదం అని కాగితం రాస్తారు. నీరసంగా ఉన్నవాళ్ళను ఏరి ఏరి అటు పంపింది తను. ఎక్కువమంది పోరా మరి? ఆ నింద తల్లుల మీదికి పోతుంది. ఇక్కడినుంచి పది ఆసుపత్రులకు ఆ మాట పాకితే, ఎంతమంది తల్లుల ఒళ్ళోంచి పిల్లల్ని లాక్కుపోతారు? తను చెప్పేస్తే లెక్క సరిదిద్దుకుంటారు. ఆ నలభై మూడు తీసేసి చూస్తే తల్లి జట్టు నిర్దోషి అని తేలిపోతుంది. ఆమె అలాగే అనుకుంది. ఆ నమ్మకమే ఆమెను కుర్చీలోంచి లేపింది. లేకపోతే లేచేది కాదేమో, ఆమెను తప్పుపట్టేవాళ్ళూ ఉండేవారు కాదు.

సొరుగు తాళంచెవి మెడలోంచి తీసి చేతిలో పట్టుకుని పైకెక్కింది. పెద్దల్ని కూర్చోబెట్టి డాక్టరమ్మ బయటికి రాబోతోంది, కమిటీ గది తలుపు అప్పుడే వేయబోతున్నారు. మరిది లోపల ప్రొజెక్టర్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దని. ఆమె చూడనట్టే లోపలికి నడిచింది.

బల్ల చివర కూర్చున్నది రిటైరైన పిల్లల డాక్టరు. తెల్లజుట్టు కత్తిరించుకున్న పెద్దావిడ, ముగ్గురిలోకీ ఆవిడదే పైమాట. "ఇది మూసిన సమావేశం అండీ. సిబ్బంది ఉండకూడదు" అంది.

"నాకు తెలుసండి. ఐదు నిమిషాలివ్వండి. డాక్టరమ్మను కూడా ఉండనివ్వండి, ఆమె కూడా వినాలి." తాళంచెవి బల్ల మీద పెట్టింది. నిలబడే చెప్పింది. లైటు పెట్టె గురించి, ఆగడం గురించి, నలభై మూడు గురించి. కళ్ళు ఎత్తితే డాక్టరమ్మ కనిపిస్తుందని బల్ల మీది తాళంచెవినే చూస్తూ చెప్పింది. మరిది ఊసు ఎత్తలేదు. ఆమె ముగించాక అతనే ముందుకొచ్చి టైముల పట్టిక ముగ్గురి ముందూ పెట్టాడు. "నేను వీరి మరిదిని. ఈ అంకెలు పొద్దునే వీరికి చూపించాను. చూపించకూడదు. పలచటి కవర్లు తెప్పించింది కూడా నేనే" అన్నాడు. ఆపితే ఆగిపోతానేమోనన్నంత తొందరగా చెప్పేశాడు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. అరిచి ఉంటే, తిట్టి ఉంటే కవర్లక్కకు కాస్త తేలికయ్యేది.

పెద్దావిడ పట్టికను పైనుంచి కింది దాకా చదివింది. తొందరపడలేదు. "మీరెందుకు చెప్పారు ఇప్పుడు?" అని అడిగింది.

"తల్లి దగ్గర పెట్టడం వల్ల పిల్లలు పోలేదండి. నీరసంగా ఉన్నవాళ్ళను నేను అటు పంపాను కాబట్టి పోయారు. ఆ నింద దాని మీద పడకూడదని."

"ఆ నలభై మూడు జంటల్లో తల్లి దగ్గర పెట్టినవాళ్ళు ఎంతమంది పోయారు?" పెద్దావిడ మరిదిని అడిగింది.

"పధ్నాలుగు మందండి."

"వాళ్ళు నీరసంగా ఉండటం వల్ల పోయారంటారు మీరు." ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే వినడం కష్టమైంది. "అయ్యుండొచ్చు. అసలు అంత నీరసంగా ఉన్న బిడ్డను పెట్టెలోనే ఉంచాల్సిందేమో, తల్లి దగ్గర పెట్టడం వల్లే పోయారేమో. అది కాదని మీకెలా తెలుసు?"

"నేను కళ్ళారా చూశానండి. తేరుకోవడం చూశాను."

"పోయినవాళ్ళను కూడా చూశారు కదా."

కవర్లక్క బల్ల మీది పట్టిక వైపు చూసింది.

"ఆ నలభై మూడూ తీసేసి లెక్క చూడొచ్చు కదండీ" అంది.

"ఎలా తీస్తాం? మీరు మార్చినవి ఇవే అని మీరు చెప్పగలరా? ఎన్నిసార్లు ఒక తల్లిని పది నిమిషాలు ముందడిగారు, ఇంకో తల్లిని ఆలస్యంగా అడిగారు, మీకే గుర్తుండదు. ఒక్కసారి కవరులోకి చూశాక ఇక ఏ కవరునూ నమ్మలేం." పెద్దావిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నాలుగు వందల ఇరవై ఒక్కమంది పిల్లలు. వాళ్ళ నుంచి మనం ఏమీ నేర్చుకోలేం. తల్లి దగ్గర మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. మొదలుపెట్టిన రోజు ఎంత తెలుసో ఇవాళా అంతే తెలుసు."

అప్పుడు అర్థమైంది ఆమెకు. తల్లుల మీద పడబోయే నిందను ఆపడానికి మెట్లెక్కి వచ్చింది. నింద ఆగింది. దానితోపాటు అన్నీ ఆగిపోయాయి. ఆ పధ్నాలుగు మందిని తను చేతులారా అటు పంపింది. కాపాడాననుకుంది. చంపిందేమో కూడా. ఏది నిజమో చెప్పగలిగింది ఆ చీటీలొక్కటే, వాటి నోరు నొక్కింది తనే.

గంటలో అన్నీ తేల్చేశారు. పరిశోధన ఆపాలి. ప్రమాదం అని ఎక్కడా రాయకూడదు, మేలు అని కూడా రాయకూడదు. వార్డులో ఉన్న పిల్లల సంగతి డాక్టరమ్మ తన అంచనా ప్రకారం చూసుకోవాలి. కవర్లక్క ఆ రోజు నుంచే వార్డులోకి వెళ్ళకూడదు, విచారణ ఉంటుంది. మరిదికీ ఉంటుంది. సంతకం పెట్టిన తల్లులందరికీ నిజం చెప్పాలి. చీటీ తేలుస్తుందని కాగితం మీద రాసిచ్చి సంతకం తీసుకున్నారు కాబట్టి.

వరండాలో డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కవర్లక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"డాక్టరమ్మా, ఆ పధ్నాలుగు ఇళ్ళకూ నేనొస్తాను. నా నోటితో నేనే చెప్తాను."

"మీరు ఓపిక పట్టి ఉంటే చాలు కదా అక్కా" అంది డాక్టరమ్మ. ఏడవడం లేదు, అలిసిపోయింది. "ఇంకో ఏడాది, కవరు చింపి ఊరుకుంటే చాలు కదా." పెన్ను జేబులో పెట్టుకుని, "మూడో మంచం బిడ్డను తల్లి దగ్గరే ఉంచమన్నాను" అంది. "ఎందుకని అడక్కండి. నాకు కూడా తెలీదు."

మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. మొదటి ఇల్లు ఆసుపత్రికి రెండు వీధుల అవతలే. కుట్టుపని చేసుకునే అమ్మాయి, ఇరవై అయిదేళ్ళుంటాయి. పధ్నాలుగు నెలల కిందట వెయ్యీ యాభై గ్రాముల ఆడపిల్లను కంది. ఆ రోజు తర్వాతి కవరులో 'పెట్టె' అని ఉంది. పక్క గదిలో ఇంకొకావిడ కాన్పు ఆలస్యమైంది. ఆ కవరు ఇంకొకరికి పోయేదాకా యాభై నిమిషాలు ఆ పసిదాన్ని ఒళ్ళు వెచ్చబెట్టే వార్మర్ దీపం కింద ఉంచి, తల్లికి ఏవో సాకులు చెప్తూ నెట్టుకొచ్చింది కవర్లక్క. తర్వాత పాప తల్లి గుండెల మీద మూడు రోజులుంది. నాలుగో రోజు పోయింది. ఆ యాభై నిమిషాలు పొద్దున్నుంచీ ఆమె తలలో తిరుగుతున్నాయి.

ముందు గదిలో సగం కుట్టిన పిల్లల స్కూలు చొక్కాలు కుప్పగా ఉన్నాయి. ఆ అమ్మాయి ఇద్దరినీ చూడగానే మిషను ఆపి లేచి, కుర్చీల మీది బట్టలు గబగబా తీసింది. మొహం వెలిగింది. ఆ వెలుగెందుకో కవర్లక్కకు అర్థం కాలేదు.

"రండి డాక్టరుగారూ. రండక్కా. మంచినీళ్ళు తెస్తానుండండి."

"వద్దమ్మా, కూర్చో" అంది కవర్లక్క. నసక్కుండా, తిప్పకుండా చెప్పింది. చీటీ ప్రకారం మీ పాప పెట్టెలోకి వెళ్ళాలి, నేను కవరు ముందే చూశాను, మార్చాను, తల్లి దగ్గరైతే బతుకుతుందనుకున్నాను, దానికోసం యాభై నిమిషాలు ఆపాను.

ఆ అమ్మాయి చేతిలోని సగం కుట్టిన చొక్కాను మడిచి కుప్ప మీద పెట్టింది.

"పెట్టెలో పెట్టుంటే బతికేదా?"

"తెలీదమ్మా."

"డాక్టరుగారికి?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎవరికీ తెలీదమ్మా."

"సంతకం పెట్టించుకునేటప్పుడు అక్క నాకు అన్నీ చెప్పింది" అంది ఆ అమ్మాయి, డాక్టరమ్మతో. "ఏది మంచిదో ఇప్పుడు మాకు తెలీదమ్మా, పరిశోధన అయ్యాక తెలుస్తుంది, అప్పుడు ఇంటికొచ్చి చెప్తాం అంది. పాప పోయాక అందరూ నన్నే అన్నారు. అంత చిన్నదాన్ని మీదేసుకుని పడుకున్నావు, పెట్టెలో ఉంచమని ఎందుకు అడగలేదు అని. మా అత్త ఇప్పటికీ అంటుంది. నేనేమీ అనను. ఆసుపత్రివాళ్ళు వస్తారు, వచ్చి చెప్తారు, అప్పటిదాకా ఆగండి అంటాను." ఆమె కవర్లక్క వైపు తిరిగింది. "ఇప్పుడు నిన్ను చూడగానే, అది చెప్పడానికే వచ్చావనుకున్నానక్కా."

కవర్లక్కకు కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకోలేదు.

"అది చెప్పలేనమ్మా" అంది. "ఆ జవాబును నేనే లేకుండా చేశాను."